మజ్జిగ తేట మెసేజ్ ఇక ఆపండి

నాలుగు రోజుల్లో ఆరుగురు పంపారు ఒకే మెసేజ్. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూప్, ఆఫీస్ గ్రూప్, చివరికి మా పిన్ని కూడా. "నెలలు నిండని బిడ్డకి పేగులు వాచి కుళ్ళే జబ్బు రాకుండా రోజూ రెండు చుక్కల మజ్జిగ తేట నాకించండి, మంచి బ్యాక్టీరియా ఎంతిచ్చినా హాని లేదు, యాంటీబయాటిక్స్ ఆపించండి, హాస్పిటళ్ళు ఇది దాస్తున్నాయి" అంట. 29 వారాలకి పుట్టిన పిల్లాడి కోసం 47 రోజులు ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) బయట కూర్చున్నదాన్ని, చదవగానే ఒళ్ళు మండింది.

దాస్తున్నారన్నది వదిలేయండి. మంచి బ్యాక్టీరియా ఇచ్చి వేలమంది బిడ్డల మీద ట్రయల్స్ చేసి అందరికీ కనపడేలా పబ్లిష్ చేశారు.

అసలు విషమంతా "ఎంతిచ్చినా హాని లేదు"లో ఉంది. ఆ బిడ్డ పేగు గోడ ఇంకా పూర్తిగా తయారవ్వలేదు, దాని మీద టీఎల్ఆర్4 అనే రిసెప్టర్ (బ్యాక్టీరియాని పసిగట్టే ప్రోటీన్) ఎక్కువుంటుంది, కొన్ని బ్యాక్టీరియాల పైపొర దానికి తగిలితే వాపు మొదలై, పేగుకి రక్తం తగ్గి, ఆ ముక్క చచ్చిపోవచ్చు. ఇక బ్యాక్టీరియా ఆ గోడ దాటి రక్తంలోకి వెళ్తే, మంచిదైనా చెడ్డదైనా సెప్సిస్, అంటే ఒళ్ళంతా పాకే ప్రాణాంతక ఇన్ఫెక్షన్, రావచ్చు. 2023లో అమెరికాలో కిలో కూడా లేని బిడ్డ, హాస్పిటల్లో ఇచ్చిన ప్రోబయోటిక్‌ (మంచి బ్యాక్టీరియా మందు)లోని బ్యాక్టీరియానే రక్తంలో చేరి చనిపోయింది, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా ఇచ్చింది. ఫ్యాక్టరీలో టెస్ట్ చేసి సీల్ వేసినదానికే ఈ గతి పడితే, నిన్నటి తోడుతో మనింట్లో పెట్టిన పెరుగులో ఏముందో ఎవరు చూశారు? ఆ గిన్నె, ఆ స్పూను, ఆ చెయ్యి? గొట్టంతో ఒక్కో ఎంఎల్ కొలిచి పాలు పోసే బిడ్డ నోట్లో దాన్ని వేయమని ఫార్వర్డ్ కొట్టడానికి మనసెలా ఒప్పింది?

మంచి బ్యాక్టీరియా వాపు తగ్గిస్తుందన్నది మాత్రం నిజమే, ఒప్పుకుంటా. బిఫిడోబ్యాక్టీరియం ఇన్‌ఫాంటిస్ అనే మంచి బ్యాక్టీరియా తల్లిపాలలోని ప్రత్యేకమైన చక్కెరలు తిని పెరుగుతుంది, అది వదిలే ఇండోల్-3-లాక్టిక్ ఆసిడ్ అనే పదార్థం పేగు కణాల్లో వాపు తగ్గించడం ల్యాబుల్లో చూశారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 1,099 మంది బిడ్డల ట్రయల్‌లో, మూడు రకాల మంచి బ్యాక్టీరియా కలిపి ఇచ్చినవాళ్ళలో ఈ జబ్బు 2 శాతం, ఇవ్వనివాళ్ళలో 4.4. అదే ఇంగ్లండ్‌లో 1,315 మందితో ఇంకో బిఫిడో రకం పెట్టి చూస్తే తేడానే రాలేదు. రకం, డోసు, బిడ్డ బరువు అన్నీ లెక్కే, అందుకే ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ తేల్చాల్సిన పని. మన పెరుగు తోడుకునేది బిఫిడోలతో కాదు కూడా.

యాంటీబయాటిక్స్ మాట సగం కరెక్ట్. అవసరం లేకుండా రోజుల తరబడి వాడితే ఈ జబ్బు రిస్క్ పెరుగుతుంది. "కల్చర్ రిపోర్ట్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందో లేదో చూసే టెస్ట్) వచ్చిందా, ఇంకెన్ని రోజులు" అని తప్పకుండా అడగండి, కానీ సెప్సిస్ ఉన్న బిడ్డకి గొడవపడి ఆపిస్తే గంటల్లో ప్రాణం పోవచ్చు.

ఇంత పొడుగు మెసేజ్‌లో తల్లిపాల గురించి ఒక్క ముక్క లేదు! ఈ జబ్బుని తగ్గిస్తాయని అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నవాటిలో అవి ముందుంటాయి. తల్లికి పాలు చాలకపోతే హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో, వేరే తల్లులు దానమిచ్చిన పాలిచ్చే ధాత్రి మిల్క్ బ్యాంక్ ఉంది.

మా బ్లాక్‌లో ఒకమ్మాయి బిడ్డ ఇప్పుడు ఎన్ఐసీయూలోనే ఉంది. "అక్కా, తేట చిన్న సీసాలో తీసుకెళ్ళనా" అని మొన్న అడిగింది, ఆ మెసేజ్ చూసే. వద్దని చెప్పి, పక్కన కూర్చుని చేత్తో పాలెలా తీయాలో చూపించా, రాత్రి మూడింటికి కూడా లేచి తీయమన్నా. ఇవాళ పొద్దున 15 ఎంఎల్ తీసుకెళ్ళింది.