ప్రపోజల్ రాయడం నేర్పబడును

మన యూనివర్సిటీలకు బయటి నుంచి పరిశోధన నిధులు ఎందుకు రావడం లేదో పెద్దలు ఎట్టకేలకు కనిపెట్టారు. ప్రొఫెసర్లకు ప్రపోజల్, అంటే ప్రాజెక్టుకు నిధులు అడిగే దరఖాస్తు, రాయడం చేతకాదట. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టులు, వానొస్తే బకెట్లు పెట్టుకునే ల్యాబులు, జీడీపీలో 0.64 శాతం దగ్గర చతికిలబడ్డ దేశ పరిశోధన ఖర్చు, ఇవన్నీ సాకులు. అసలు జబ్బు వాక్య నిర్మాణంలో ఉంది. మందు ఒకరోజు వర్క్‌షాప్.

ఈ మధ్య ఒక యూనివర్సిటీలో ఆ వైద్యం కళ్లారా చూశాను. పది గంటలకని కార్డు వేశారు. పదకొండున్నరకు వీసీగారు వచ్చారు. జ్యోతి ఆరిపోకుండా ఫ్యాన్లన్నీ ఆపేశారు. దీపానికి ఐదు వత్తులు, వేదిక మీద తొమ్మిది మంది. వత్తి దక్కని నలుగురూ వెలిగించేవాళ్ల మోచేతులు పట్టుకున్నారు, ఫొటోలో పడాలి కదా. ఫ్యాన్లు మళ్లీ వేయాలని ఎవరికీ తట్టలేదు. ఆ ఉక్కపోతలోనే శాలువాలు. ఒక డీన్‌గారి పేరు పిలవడం మరిచిపోయారు. ఆయన మొహం మాడ్చుకుని కూర్చుంటే, నడుస్తున్న ఉపన్యాసం ఆపి మరీ శాలువా కప్పారు. వీసీగారు తక్షశిలతో మొదలుపెట్టి, నలంద మీదుగా ర్యాంకింగుల దగ్గర తేలి, "తలా ఒక ప్రాజెక్టు తేవాలి" అని ఆజ్ఞాపించి, అర్జెంటు మీటింగుందని వెళ్లిపోయారు. ఆయన వెంటే ముందు రెండు వరుసలూ లేచిపోయాయి.

ఢిల్లీ నుంచి వచ్చిన రిసోర్స్ పర్సన్‌కి భోజనాలకు ముందు ఇరవై నిమిషాలు మిగిలాయి. "టైటిల్ ఆకట్టుకోవాలి, కొత్తదనం కనపడాలి" అన్నారు. పోర్టల్ తెరిచి చూపిస్తానన్నారు. నెట్ రాలేదు. బిర్యానీ వచ్చింది.

పాపం, ఆయన చూపించాలనుకున్నది పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ సంగతి. 2023లో చట్టం చేసి పెట్టారు. ఐదేళ్లలో 50 వేల కోట్లన్నారు, అందులో 36 వేల కోట్లు పరిశ్రమలూ దాతలూ ఇస్తారని లెక్క వేశారు. మన పరిశ్రమల దాతృత్వం తెలిసినవాళ్లు ఆ అంకె దగ్గర ఎక్కువసేపు నిలబడరు, మనమూ వద్దు.

ఆ వర్క్‌షాపులో వెనక వరుసలో ఒక మేడమ్ ఉన్నారు. ఏ శిక్షణా లేకుండానే అంతకుముందే ఒక ప్రాజెక్టు తెచ్చుకున్న నేరస్థురాలు. ఆవిడకు ఒక రసాయనం సీసా కావాలి. ఫలానాది కావాలని ఇండెంట్, మూడు కొటేషన్లు, నోట్ ఫైలు. ఫైలు డీన్ దగ్గర నుంచి పర్చేజ్ సెక్షన్‌కి, అక్కడి నుంచి ఆడిట్‌కి వెళ్లి కొర్రీతో తిరిగొచ్చింది: "ఇదే రసాయనం నిరుడు కొన్నారు, మళ్లీ ఎందుకు?" అయిపోయిందని రాసిచ్చారు. అయిపోయినట్టు రుజువు అడిగారు. పరిశోధన కొనుగోళ్లలో ప్రభుత్వ ఆన్‌లైన్ అంగడి జెమ్ పోర్టల్‌లోనే కొనాలన్న నిబంధనను కేంద్రం 2025 జూన్‌లో సడలించింది, కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. ఆ కాగితం చేతిలో పెడితే సెక్షన్‌లో సమాధానం, "అది మాకు రాలేదమ్మా." దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నది ఇదే. ఈలోగా మార్చి 31 వస్తుంది. ఖర్చు చేసినట్టు యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, పంపకపోతే తర్వాతి విడత డబ్బు రాదు. ఆ యూసీ మీద సంతకం చేయాల్సిందీ ఫైలు ఆపిన ఫైనాన్స్ ఆఫీసరే. ఇంత సేవకు ప్రతిఫలంగా ఓవర్‌హెడ్స్ (నిర్వహణ ఖర్చులు) పేరుతో యూనివర్సిటీ తన వాటా తాను తీసుకుంటుంది. ఆ సొమ్ముతో మెయిన్ గేటుకు బంగారు రంగు వేశారు, బాగుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఆ ప్రాజెక్టులో జేఆర్ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా పనిచేసే అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37 వేలని కాగితం మీద ఉంది. ఆ అమ్మాయికి నెలల తరబడి ఒక్క రూపాయి రాలేదు. డబ్బు లేక కాదు, వచ్చి ఖాతాలో పడి ఉంది! హాజరు పట్టీలో ఒక సంతకం ఆకుపచ్చ సిరాతో ఉందని బిల్లు వెనక్కి కొట్టారు. మెస్ బకాయి కట్టమని హాస్టల్ నోటీసు ఇచ్చింది, అది మాత్రం టంచనుగా. అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పుకున్న తండ్రికే ఫోన్ చేసి ఐదు వేలు పంపమని అడగాలి. ఎవరబ్బ సొమ్మని ఆపుతున్నారయ్యా? మీ జీతం ఒక్క నెల ఆగితే గేటు ముందు టెంటు వేసి ధర్నాకు కూర్చోరూ?

మేడమ్‌ని ఈసారి కొత్త ప్రపోజల్ వేస్తారా అని అడిగాను. చేతులు జోడించారు.

ప్రపోజల్స్ తగ్గిపోతున్నాయని యూనివర్సిటీ తీవ్రంగా ఆందోళన చెంది రెండో విడత వర్క్‌షాప్ ప్రకటించింది. ఈసారి రెండు రోజులు. "నిధుల సమర్థ వినియోగం"పై ఫైనాన్స్ ఆఫీసర్‌గారే మాట్లాడతారు. శాలువాల బిల్లు ముందే పాసైంది, ఒక్క కొర్రీ కూడా పడలేదట.