స్వీట్ ఆబర్న్: షాపు తెరిస్తే చాలదు, బిల్డింగూ సొంతం కావాలి

అట్లాంటాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఆబర్న్ అవెన్యూ తెలియని చోటు కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పి చూపించే వాటిలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ చారిత్రక పార్కు ఒకటి. కింగ్ సమాధి చూస్తారు. 1998లో భారత్ కానుకగా ఇచ్చిన గాంధీ విగ్రహం దగ్గర ఫొటో దిగుతారు. తర్వాత కారెక్కి శివార్లలోని ఆల్ఫరెట్టాకో కమింగ్‌కో వెళ్లిపోతారు. అదే వీధిలో పడమరకు కాస్త నడిస్తే ఒకప్పుడు నల్లజాతి వ్యాపారానికి అమెరికాలోనే పేరుమోసిన స్వీట్ ఆబర్న్ బజారు వస్తుంది. అటు నడిచేవాళ్లు తక్కువ. నడిచినవాళ్లకు కనిపించేది మూతపడ్డ భవనాలు, వాటి మధ్య పార్కింగ్ స్థలాలు, అక్కడక్కడా తెరిచి ఉన్న షాపులు.

ఈ బజారును మళ్లీ నిలబెట్టాలన్న మాట దశాబ్దాలుగా వినిపిస్తోంది. 1976లోనే దీనికి జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది. అయినా 1992లో ఒకసారి, 2012లో మరోసారి దేశంలో ప్రమాదం అంచున ఉన్న చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. గుర్తింపు దక్కింది, కాపుదల దక్కలేదు. స్థానిక యువత చేత షాపులు పెట్టిస్తే అంతా బాగుపడుతుందని ఇప్పుడు అంటున్నారు. మంచిదే. కానీ ఈ వీధి మొదట ఎలా ఎదిగిందో చూస్తే, షాపులు పెట్టించడం పనిలో సగమేనని తెలుస్తుంది.

అలోంజో హెర్న్‌డన్ 1858లో బానిసగా పుట్టాడు. క్షవరం పని నేర్చుకుని, అట్లాంటా నడిబొడ్డున పీచ్‌ట్రీ వీధిలో షాండ్లియర్లు, పాలరాతి నేల ఉన్న సెలూన్ పెట్టే స్థాయికి వచ్చాడు. అందులో పనిచేసేది నల్లవాళ్లు, కుర్చీలో కూర్చునేది తెల్లవాళ్లు మాత్రమే. 1905లో జార్జియా రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. బీమా ఇచ్చే సంఘాలు 5,000 డాలర్లు డిపాజిట్ కట్టి తీరాలంది. చర్చి పాస్టర్లు నడుపుతున్న ఒక చిన్న సహాయ సంఘానికి అంత డబ్బు ఎక్కడిది? హెర్న్‌డన్ దాన్ని 140 డాలర్లకు కొని, డిపాజిట్ తానే కట్టాడు. అదే తర్వాత అట్లాంటా లైఫ్ ఇన్సూరెన్స్ అయింది.

ఆ మరుసటి ఏడాదే, 1906 సెప్టెంబరులో, తెల్లవాళ్ల గుంపులు నగరం నడిబొడ్డున నల్లవాళ్ల మీద పడ్డాయి. మనుషుల్ని చంపారు, షాపులు పగలగొట్టారు. హెర్న్‌డన్ సెలూన్ మీదా దాడి జరిగింది. ఆ తర్వాత నల్లజాతి వ్యాపారాలు ఒక్కొక్కటిగా ఆబర్న్ వైపు జరిగాయి. అక్కడ చేరింది కొంత ఇష్టంతోనైనా ఎక్కువ భయంతోనే.

అక్కడ డబ్బు తిరిగిన దారే అసలు విషయం. వారం వారం అట్లాంటా లైఫ్ ఏజెంటు గుమ్మం దగ్గరికి వచ్చి, కూలి పనివాళ్ల దగ్గర కొద్ది సెంట్లు ప్రీమియం వసూలు చేసేవాడు. మన ఊళ్లలో చిట్టీ డబ్బులు పోగయినట్టు ఆ చిల్లర పోగయింది. 1921లో సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకు, 1925లో మ్యూచువల్ ఫెడరల్ పొదుపు సంస్థ వచ్చాయి. నల్లవాళ్లకు తెల్ల బ్యాంకులు ఇళ్ల రుణాలివ్వని రోజుల్లో అట్లాంటా లైఫ్‌తో కలిపి ఈ మూడు సంస్థలే ఇచ్చాయి. చాకిరీ చేసే మనిషి కట్టిన ప్రీమియం తిరిగొచ్చి పక్క వీధిలో ఎవరికో ఇల్లయింది, ఇంకెవరికో షాపయింది. ‘స్వీట్ ఆబర్న్’ అని పేరు పెట్టిన నల్లజాతి నాయకుడు జాన్ వెస్లీ డాబ్స్ మురిసిపోయింది ఈ వీధిని చూసే. 1956లో ఫార్చ్యూన్ పత్రిక ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన నల్లజాతి వీధి అని రాసింది కూడా దీన్నే.

మరి ఎందుకు పడిపోయింది? ఫోర్ట్ వీధి మూలలో నిలబడితే సగం జవాబు కళ్లెదుటే ఉంటుంది. అక్కడ డాబ్స్ ముఖం పెద్ద లోహపు శిల్పంగా పెట్టారు. లోపల బోలుగా ఉంటుంది. వెనక్కి వెళ్లి ఆ కళ్ల రంధ్రాల్లోంచి చూస్తే ఆయన వీధి కనిపిస్తుంది. ఆ పక్కనే తల మీదుగా హైవే, ఆగకుండా వాహనాల రొద. డౌన్‌టౌన్ కనెక్టర్ అని పిలిచే ఆ రహదారిని ఈ బజారును రెండు ముక్కలు చేస్తూ వేశారు. పడమర షాపులు ఒకవైపు, కింగ్ పుట్టిన ఇల్లు, చుట్టుపక్కల కుటుంబాలు మరోవైపు మిగిలాయి.

రెండో సగం చెప్పడం కష్టం. నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి వేరుగా ఉంచిన చట్టాలు పోయాక నల్లజాతి మధ్యతరగతి నగరంలో నచ్చినచోట కొనుక్కోగలిగింది, నచ్చినచోటికి మారింది. అది వాళ్ల హక్కు, పోరాడి గెలుచుకున్న హక్కు. వేరే దారి లేక వచ్చే కస్టమర్లతో నిండిన పాత ఆబర్న్ మళ్లీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. మళ్లీ రావాల్సింది డబ్బు అక్కడే తిరిగే ఆ పద్ధతి.

అందుకే చిన్న గ్రాంట్లు, గోడల మీద రంగుల బొమ్మలు, వారాంతపు స్టాళ్లు చూసి నేను సంబరపడలేను. పక్కనే బెల్ట్‌లైన్ నడకదారి వచ్చాక ఆ చుట్టుపక్కల ఆస్తుల ధరలు ఎలా ఎగబాకాయో నగరమంతా చూసింది. అద్దె గదిలో కేఫ్ పెట్టిన అమ్మాయి కష్టపడి వీధికి పేరు తెస్తుంది. పేరు రాగానే అద్దె పెరుగుతుంది. ఆమె ఖాళీ చేస్తుంది, లాభం ఓనరుకు పోతుంది. వీధిని బాగుచేసినవాళ్లే వీధిలో లేకుండా పోతే దాన్ని పునరుద్ధరణ అనడానికి నాకు మనసొప్పదు.

దీనికి దారి లేకపోలేదు, నమూనాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. 1924లో కట్టిన మునిసిపల్ మార్కెట్ లోపల ఆ రోజుల్లో నల్లవాళ్లను కొనుక్కోనివ్వలేదు. బయట రోడ్డు అంచున, అంటే కర్బ్ మీద, ఉన్న స్టాళ్ల దగ్గరే వాళ్లు కొనుక్కోవాల్సి వచ్చేది. స్వీట్ ఆబర్న్ కర్బ్ మార్కెట్ అన్న పేరు అలా వచ్చిందే. ఈరోజు ఆ భవనంలో మాంసం, కూరగాయలు, వండిన భోజనం అమ్మే చిన్న స్టాళ్లున్నాయి. భవనం నగరానిది కాబట్టి రేపు ఎవరో బిల్డర్ వచ్చి కొనేస్తాడన్న టెన్షన్ లేదు. ఇళ్ల విషయంలోనూ అంతే. కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వంటివారి చొరవతో 1980లో మొదలైన హిస్టారిక్ డిస్ట్రిక్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, కింగ్ పుట్టిన ఇంటి చుట్టుపక్కల శిథిలమైన ఇళ్లను ఒక్కో వరుసా బాగుచేస్తూ వచ్చింది. ఉన్నవాళ్లను వెళ్లగొట్టకూడదన్నది ఆ సంస్థ మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. ఇళ్లకు చేసినది షాపులకు పెద్ద ఎత్తున ఎందుకు చేయకూడదు?

ఆర్డర్ల సంగతి కూడా ఉంది. డాబ్స్ మనవడు మేనార్డ్ జాక్సన్ 1973లో అట్లాంటా తొలి నల్లజాతి మేయరుగా ఎన్నికయ్యాడు. విమానాశ్రయం విస్తరణ పనుల్లో 25 శాతం మైనారిటీ సంస్థలకు రావాలని పట్టుబట్టాడు. వ్యాపార వర్గాలు గోల చేసినా తగ్గలేదు. సెమినార్లు పెట్టి వ్యాపారం నేర్పడం కన్నా చేతికి ఒక కాంట్రాక్టు ఇవ్వడం ఎంత పని చేస్తుందో అట్లాంటాకు అప్పుడే తెలిసింది. ఆబర్న్‌లోని క్యాటరర్‌కు, ప్రింటర్‌కు, దర్జీకి నగరం, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు ఏటా ఇంత పని ఇస్తామని రాసిస్తే, ఆ కాగితం చూసి బ్యాంకు అప్పిస్తుంది. ఆ అప్పుతో గది కొనుక్కోవచ్చు.

ముందుగా చేయాల్సింది ఆ పార్కింగ్ స్థలాలనూ మూతపడ్డ భవనాలనూ ఒక స్థానిక ట్రస్టు చేతికి తేవడం. పై అంతస్తుల్లో ఇళ్లు కట్టి, కింద షాపులను అందులో వ్యాపారం చేసేవాళ్లకే వాయిదాల మీద అమ్మాలి. తిరిగి అమ్మాల్సి వస్తే ట్రస్టుకే అమ్మాలన్న షరతు దస్తావేజులోనే రాయాలి. చరిత్ర చూడ్డానికి వచ్చే సందర్శకులు ఎలాగూ ఉన్నారు, మనవాళ్లతో సహా. ఈసారి గాంధీ విగ్రహం దగ్గర ఫొటో అయ్యాక భోజనానికి శివార్లకు తిరిగి వెళ్లే బదులు, హైవే దాటి అవతల ఆ వీధిలోనే తినొచ్చు.