పొర మందం చూసి మళ్ళీ క్లీనింగ్ రాసేయకండి

అబార్షన్ అయిన వారానికి స్కానింగ్. రిపోర్టులో "గర్భసంచి లోపలి పొర మందం 14 మిల్లీమీటర్లు, గర్భం ముక్కలు మిగిలి ఉండొచ్చు" అన్న ఒక్క వాక్యం. మర్నాడే రెండో క్లీనింగ్, అంటే గర్భసంచి లోపల మళ్ళీ గీకడం. టెక్కలి, పలాస నుంచి రాజాం, బొబ్బిలి దాకా మన వైపు ఇది మామూలైపోయింది. ఆపాలి.

మాత్రలు వేసుకున్నా, క్లీనింగ్ చేసినా, గర్భసంచిలో రక్తపు గడ్డలూ ఊడిన పొరా కొన్నాళ్ళు ఉంటాయి. స్కాన్‌లో అవే దళసరిగా, గజిబిజిగా కనిపిస్తాయి. చాలామందిలో తర్వాతి బహిష్టుకి పోతాయి. ఇంత మందం దాటితే గీకాల్సిందే అనే అంకె ఏదీ లేదు. రక్తస్రావం, నొప్పి, జ్వరం ఎలా ఉన్నాయో అడగకుండా మిల్లీమీటర్లతో నిర్ణయం చేయడం తప్పు.

స్కాన్ చేసేవాళ్ళు కలర్ డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపేది) పెట్టండి, దానిలో వేగం స్కేలు తగ్గించండి. ఎక్కువగా ఉంచితే సన్న నాళాలు కనపడవు. గడ్డలో రక్తప్రవాహం ఉండదు, ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే కదులుతుంది. మాయ ముక్కయితే గోడలోంచి దాని లోపలికి నాళం వెళ్తూ కనిపించొచ్చు. ప్రవాహం లేనంతమాత్రాన ముక్క లేదనీ చెప్పలేం. గోడలో నాళాలు బాగా ఉబ్బి ఉంటే మాత్రం గుడ్డిగా గీకడం ప్రమాదం, రక్తం ఆగకపోవచ్చు. పొర మందాన్ని యోని ద్వారా చేసే లోపలి స్కాన్‌లో, మూత్రం ఖాళీ చేయించి, గర్భసంచి నిలువుగా కనిపించే చిత్రంలో, బాగా దళసరిగా ఉన్న చోట, మధ్యలో ద్రవం ఉంటే దాన్ని వదిలేసి కొలవాలి.

చీటీ మీద "పెల్విస్ స్కాన్" అని మాత్రమే రాసి పంపే డాక్టర్లకు ఒక విన్నపం: ఏ ప్రొసీజర్, ఏ తేదీన, ఎన్ని వారాల గర్భం, ఇప్పుడు రక్తం ఎంత పోతోంది, ఈ నాలుగూ రాయండి. అవి తెలియకపోతే స్కాన్ చేసేవాళ్ళు భయపడి "ముక్కలు ఉండొచ్చు" అని రాసేస్తారు.

మందుల షాపులో అబార్షన్ మాత్రల కిట్ కొని, ముందు స్కాన్ లేకుండా వేసుకున్నవాళ్ళ సంగతి వేరు. గర్భసంచిలో గర్భం తిత్తి ఉన్నట్టు ఎవరూ చూడలేదు కాబట్టి, ట్యూబుల్లో గర్భం ఉందేమో తప్పకుండా వెతకాలి. ఖాళీ సంచిని చూసి "అంతా పోయింది" అని పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాగే క్లీనింగ్ తర్వాత కడుపునొప్పి పెరుగుతూ, సంచి వెనక ద్రవం చేరుతుంటే గోడకు చిల్లు పడిందేమో చూడాలి.

పదే పదే గీకితే లోపలి గోడలు అతుక్కుపోతాయి. బహిష్టు తగ్గిపోతుంది, లేదా ఆగిపోతుంది. మళ్ళీ గర్భం నిలవడం కష్టమవుతుంది. హిస్టరోస్కోపీతో (గర్భసంచి లోపలికి సన్నని కెమెరా గొట్టం పంపి) విడదీయొచ్చు గానీ తిరిగి అతుక్కునే వీలుంది. రక్తం కొద్దిగానే పోతూ, జ్వరం లేకపోతే ఆగి మళ్ళీ స్కాన్ చేయొచ్చు. కొందరికి గర్భసంచిని ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టాల్ మాత్ర సరిపోతుంది, డాక్టర్‌ని అడగండి. మూత్రంతో చేసే గర్భ పరీక్షలో రెండు గీతలు నాలుగు వారాల దాకా ఉండొచ్చు, అదొక్కటే చూసి భయపడకండి.

రెండు గంటల పాటు గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోయినా, 38 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా, కళ్ళు తిరిగి పడిపోయినా, భుజం నొప్పి మొదలైనా స్కాన్ సెంటర్లో టోకెన్ కోసం కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి.