మిల్టన్ సీటు ఎవరూ దొంగిలించలేదు, ఆ మెసేజ్ ఇక ఆపండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. ముందు కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత మా వీధి తెలుగువాళ్ల గ్రూపులో. నిన్న రాత్రి గుంటూరు నుంచి మా బాబాయ్ కూడా పంపారు: "ఏమ్మా, మీ ఊళ్లో ఇంత ఘోరం జరిగిందా?"

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. 2025 ఏప్రిల్ 28న కెనడా పార్లమెంటు ఎన్నికల్లో, మా మిల్టన్ ఈస్ట్–హాల్టన్ హిల్స్ సౌత్ నియోజకవర్గంలో కన్సర్వేటివ్ అభ్యర్థి పార్మ్ గిల్ 298 ఓట్లతో గెలిచాడట. తర్వాత మెషీన్లు మార్చి లిబరల్ అభ్యర్థి క్రిస్టినా టెసర్ డెర్క్‌సెన్‌ను గెలిపించారట. గిల్ ఇండియన్ కాబట్టే ఇలా చేశారట. సిటిజన్‌షిప్ లేని స్టూడెంట్లు కూడా వచ్చి ఓట్లేశారట.

మెషీన్లా? నేను ఓటేసింది అక్కడే. చేతికి పెన్సిల్ ఇచ్చారు, కాగితం మీద గుండ్రటి గడిలో గుర్తు పెట్టి, మడిచి డబ్బాలో వేశాను. లెక్క కూడా చేత్తోనే, పార్టీల ఏజెంట్ల కళ్లముందే.

ఇండియన్ అని ఓడించారా? పక్కనే బ్రాంప్టన్ వెస్ట్‌లో కన్సర్వేటివ్ అమర్‌జీత్ గిల్ గెలిచారు. ఆయన చేతిలో ఓడిన లిబరల్ మంత్రి కమల్ ఖేరా కూడా ఇండియన్ మూలాలున్నావిడే.

ఇక ఆ 298. అది మొదటి రాత్రి అంకె. పోలింగ్ బూత్‌ల నుంచి ఫోన్లో చెప్పిన అంకెల్ని కూడితే వచ్చేది. ఆ తర్వాత రిటర్నింగ్ ఆఫీసర్ బూత్‌ల కాగితాలు ముందు పెట్టుకుని అంకెలన్నీ సరిచూస్తారు. అలా చూశాక డెర్క్‌సెన్‌కు 29 ఓట్ల ఆధిక్యం తేలింది. పోలైన ఓట్లలో వెయ్యింట ఒక వంతు కన్నా తేడా తక్కువుంటే జడ్జి దగ్గర రీకౌంటింగ్ తప్పనిసరి. అదీ జరిగింది, 21 ఓట్లతో ఆవిడే గెలిచారు. ఒక్కొక్కరికి 32 వేల పైచిలుకు ఓట్లు పడ్డచోట 21! కుట్ర చేసేవాళ్లే అయితే న్యూఫౌండ్‌లాండ్‌లో టెర్రా నోవా సీటు ఎందుకు వదిలేశారు? అక్కడ 12 ఓట్ల ఆధిక్యంలో ఉన్న లిబరల్, రీకౌంటింగ్‌లో 12 ఓట్లతో కన్సర్వేటివ్ చేతిలో ఓడిపోయారు. విండ్సర్‌లో కన్సర్వేటివ్ 4 ఓట్లతో గట్టెక్కారు. అవి మీ మెసేజ్‌లో లేవేం?

నాకు నిజంగా ఒళ్లు మండింది స్టూడెంట్ల మాటకి. ఫెడరల్ (దేశ పార్లమెంటు) ఎన్నికల్లో ఓటు సిటిజన్లకే. స్టూడెంట్‌కి లేదు, వర్క్ పర్మిట్ వాళ్లకి లేదు, పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చి పదేళ్లైనా లేదు. హక్కు లేదని తెలిసీ ఓటేస్తే అది నేరం. పీఆర్ కోసం ఒక్కో పాయింటూ లెక్కేసుకునే పిల్లలు, జీవితమంతా పణంగా పెట్టి ఓ ఓటు వేయడానికి వెళ్తారా?

మా బేస్‌మెంట్‌లో ఉండే ఖమ్మం అబ్బాయి రాత్రంతా వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి పొద్దున ఆరింటికి వస్తాడు. మొన్న షూ కూడా విప్పకుండా మెట్ల మీదే కూర్చుని ఫోన్ నాకు చూపించాడు. అదే మెసేజ్. "అక్కా, ఇక్కడివాళ్లు మమ్మల్ని ఇలాగే అనుకుంటారా?" అన్నాడు. ఏం చెప్పాలి వాడికి? ఈ మాట పుట్టించింది ఎవరో నాకు తెలీదు, కానీ వాడి ఫోన్‌కి చేర్చింది మాత్రం మన తెలుగువాళ్లే. ఇప్పటికే బస్సుల్లో, దుకాణాల్లో "వెనక్కి పొండి" అనిపించుకుంటున్న పిల్లల మీద మన చేత్తోనే దొంగ ముద్ర వేస్తున్నాం. సిగ్గుగా లేదా? పోలింగ్ బూత్‌లో ఒక్క స్టూడెంట్‌నైనా మీ కళ్లతో చూశారా?

మెసేజ్ చివర్లో "ఎలక్షన్ వాళ్లు తప్పులు చేస్తారు" అని ఉంది. ఆ ఒక్క ముక్క నిజం, ఒప్పుకుంటాను. మాంట్రియల్ శివార్లలోని టెర్‌బోన్‌లో రీకౌంటింగ్ తర్వాత లిబరల్ టాటియానా ఆగస్ట్ ఒకే ఒక్క ఓటుతో గెలిచారు. అక్కడ బ్లాక్ క్విబెక్వా పార్టీకి పోస్టులో ఓటేసిన ఒకావిడ కవరు తిరిగి ఆవిడ ఇంటికే వచ్చేసింది. కవరు మీద ఎన్నికల సంస్థ వేసిన పోస్టల్ కోడ్ తప్పు. ఆ ఓటు చేరి ఉంటే ఇద్దరూ సమానం. ఓడిన బ్లాక్ అభ్యర్థి కోర్టుకెళ్లారు, వెళ్లాల్సిందే. బాబాయ్, ఆ కవరు సంగతి ఎంతమందికైనా పంపండి, నేనూ పంపుతాను.