మా తోడల్లుడుగారి పదకొండు గొంతులు

మా తోడల్లుడుగారికి గొంతులు పదకొండు. పన్నెండోది, అంటే ఆయన సొంతది, నా పెళ్లయిన పద్నాలుగేళ్లలో రెండుసార్లే విన్నాను. రెండుసార్లూ అప్పు అడగడానికే.

ఆయన ఫోన్ చేస్తే ముందు బ్యాంకు ఆఫీసరు మాట్లాడతాడు. తర్వాత ఒక ముసలమ్మ దగ్గుతుంది. ఆ పైన చంటిపిల్లాడు ఏడుస్తాడు. ఇవన్నీ అయ్యాక అసలు సంగతి వస్తుంది. పోయినేడు మామగారిని ఆస్పత్రిలో చేర్చారన్న కబురు ముసలమ్మ గొంతులోనే చెప్పారు. నేను నవ్వి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత రెండు రోజులు మా ఆవిడ నాతో మాట్లాడలేదు, ఏ గొంతుతోనూ.

ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ఆఫీసువాళ్లు మూడు రోజుల ట్రైనింగుకి పంపారు. జనంలో కలిసిపోవాలంటే హాస్యం కావాలి, గొంతులో వెరైటీ కావాలి అని అక్కడెవరో చెప్పారట. చెప్పినవాళ్లు చెప్పి వెళ్లిపోయారు. అనుభవిస్తున్నది మేం.

ఆ విద్యంటే నాకు చిన్నచూపు లేదు. 1932లో వరంగల్‌లో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారు దానితోనే 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పుట్టినరోజు, డిసెంబరు 28, మిమిక్రీ కళాకారులకు పండగ. మా తోడల్లుడుగారు కూడా జరుపుతారు, మా ఇంట్లో. వేణుమాధవ్ గారు గొంతెత్తితే జనానికి ఆ మనిషి ఎదురుగా నిలబడ్డట్టు ఉండేది. ఈయన ముందు ఎవరి గొంతో చెప్పి, తర్వాత అనుకరించి, చివర్లో "గుర్తుపట్టారా?" అని అడుగుతారు. పదకొండింటికీ ఒకటే జలుబు.

మొన్న నిజాంపేటలో చుట్టాల గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున 4.52. ఆవు గేటు దాకా బుద్ధిగా వచ్చి అక్కడ మొరాయించింది. అద్దెకు తెచ్చిన ఆవు, దూడ ఎక్కడో కట్టేసి ఉంది. బెల్లం పెట్టారు, గడ్డి చూపించారు, పంతులుగారు వాచీ కూడా చూపించారు. కదల్లేదు. అప్పుడు మా తోడల్లుడుగారు కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, "అంబా" అన్నారు. దూడ గొంతు. ఏడో నంబరు.

ఆవు చెవులు నిక్కబొడుచుకుంది. ఆయన మిమిక్రీని ఇన్నేళ్లలో మనస్ఫూర్తిగా నమ్మిన ప్రేక్షకురాలు అదొక్కతే. పలుపు లాక్కుని సెల్లార్‌లోకి పరుగెత్తింది. ఒక్కో కారు వెనక్కీ వెళ్లి వాసన చూసింది. బైకుల వరస ఒకదానిమీద ఒకటి పడింది. అక్కడితో ఆపొచ్చు. కానీ అంత మంచి ప్రేక్షకురాలు దొరికాక ఏ కళాకారుడు ఆపుతాడు? మళ్లీ "అంబా" అన్నారు, ఈసారి సన్నగా, ఆకలిగా. ఆవు ఒక తెల్లకారు డిక్కీని నాకడం మొదలుపెట్టింది. కారు సైరన్ అందుకుంది. ఆవు దానికీ జవాబిచ్చింది. పైన ఆరో అంతస్తులో ఇల్లాలు పాలగిన్నె పట్టుకుని ఎదురుచూస్తుండగా 4.52 వచ్చింది, పోయింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆవు పొదుగులోంచి పాలు చుక్కచుక్కగా నేలమీది ఆయిల్ మరకల్లోకి కారుతున్నాయి. దాన్ని తోలుకొచ్చిన అబ్బాయి మాత్రం నవ్వలేదు.

మధ్యాహ్నం బంతిలో ఆయన పక్కనే నా విస్తరి. వడ్డించే కుర్రాడికి పందొమ్మిదేళ్లుంటాయేమో. "సాంబారు ఎయ్యమంటారేటి?" అన్నాడు. ఆ 'ఏటి' చెవిన పడగానే మావాడి కళ్లు వెలిగాయి. ఇక్కణ్నుంచి 'గారు' తీసేస్తున్నాను, క్షమించండి.

"ఏటి బావూ, ఏటేటి ఒండినారేటి? బేగి సెప్పు బావూ!" అని ఎత్తుకున్నాడు. సినిమాల్లో పనివాడికి పెట్టే గొంతు. బంతంతా గొల్లుమంది. కుర్రాడి గరిటె బకెట్‌లోనే ఆగిపోయింది. ఏ ఊరని అడిగితే "పలాస అవతల సార్" అన్నాడు, తల ఎత్తకుండా.

అది నీ పన్నెండో ఐటమ్ కాదురా నాయనా, వాళ్లమ్మ మాట. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరిని, జీడితోటల్ని పడగొట్టాక పని వెతుక్కుంటూ రైలెక్కినవాళ్లు సంచిలో వేసుకొచ్చిన మాట. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని స్టేటస్ పెడతావు కదా? అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన పుట్టింది పర్వతాలపేట, అదే శ్రీకాకుళం జిల్లా. జనం మాటే పుస్తకంలోకి రావాలని కొట్లాడినవాడు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించినవాడు. ఇంకొకరి మాట నోట పట్టడమంటే అదీ. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర కూడా వేషం కట్టి గొంతు మారుస్తాడు. నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీ, నోట్లో కోతలు. వెక్కిరించేది దొరతనాన్ని, బకెట్ మోసేవాణ్ని కాదు. నీకు దమ్ముంటే మీ మేనేజరు గొంతు మేనేజరు ముందు ఎత్తు. పదకొండింట్లో అదొక్కటీ లేదేం?

ఇవన్నీ నేను అక్కడ అన్నానని అనుకుంటున్నారా? పప్పు కలుపుకున్నాను. "ఊరికే సరదాకి" అన్నాడాయన. నేను తలూపాను కూడా.

మాది టెక్కలి పక్క. హైదరాబాద్ వచ్చిన ఆర్నెల్లకే 'ఏటి'ని 'ఏంటి' చేసుకున్నవాణ్ని. పెరుగు బకెట్‌తో కుర్రాడు మళ్లీ మా వరసకి వచ్చినప్పుడు, ఎవరికీ వినపడకుండా, "మాదీ ఆ పక్కే బావూ. మీదే ఊరేటి?" అన్నాను. ఎన్నేళ్లయిందో ఆ మాట నా నోట రాక.

వాడు నా వైపు చూశాడు. పక్కనున్న మా తోడల్లుడి వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు.

"పెరుగు వేయమంటారా అండీ?" అన్నాడు, టీవీలో వార్తలు చదివినట్టు.