క్రూజ్ ప్రారంభ ధర గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ ప్రారంభ ధర గారి దివ్య సముఖమునకు,

ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని విహార నౌక ఎక్కాలని సంకల్పించి, ఏ సంస్థ ఓడ ఎక్కాలో తేల్చుకోలేక సతమతమవుతున్న ఒక గృహస్థు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు క్షేమమేనా అని అడగవలసిన పని లేదు. ఏ క్రూజ్ సంస్థ పేజీ తెరిచినా, నీలి సముద్రం బొమ్మకు నడినెత్తిన, మిగతా అక్షరాలన్నీ కలిసినా సాటిరానంత పెద్ద అంకెల్లో, ముందొక ‘కేవలం’, వెనకొక ‘నుంచి’ కాపలా కాస్తుండగా తమరు కొలువుతీరి కనిపిస్తూనే ఉన్నారు.

కార్నివాల్, రాయల్ కరీబియన్, నార్వేజియన్, ఎంఎస్‌సీ, ప్రిన్సెస్, డిస్నీ మొదలైన సంస్థలను వరుసగా నిలబెట్టి మేము ఒక పట్టిక వేసుకున్న మాట వాస్తవం. అందులో మొదటి గడి తమరికే ఇచ్చాము. ఆ పీటకు తమరు ఎంతవరకు తగుదురో విచారించడమే ఈ లేఖ ఉద్దేశం.

తమరు ఎవరి కోసం పుట్టారో తెలుసుకుందామని, పేజీ అడుగున భూతద్దానికి మాత్రమే లొంగే షరతులన్నీ చదివాను. తమరు ఒకానొక దంపతులకు చెందినవారని తేలింది. ఆ దంపతులకు పిల్లలు లేరు, ఉన్నా వెంట తీసుకురారు. బడులన్నీ నిండుగా నడుస్తున్న వారంలోనే వారికి సెలవు దొరుకుతుంది. కిటికీ లేని లోపలి గదిలో, ఆ గది ఏ అంతస్తులో ఏ మూలన ఉందో సంస్థ తనకు తీరికైనప్పుడు చెప్పేదాకా నోరెత్తి అడగకుండా, వారు ఆనందంగా కాలక్షేపం చేస్తారు. కట్టిన అడ్వాన్సు తిరిగి రాదన్నా నొచ్చుకోరు, వైఫై అడగరు, మంచినీళ్లు తప్ప మరేమీ తాగరు, రేవులో ఓడ ఆగితే దిగి ఊరు చూడాలన్న చాపల్యం కూడా వారికి లేదు. ఇంతటి విరాగులకు విహారయాత్ర ఎందుకన్న సందేహం నాకు కలిగింది గానీ, అది వారి సొంత విషయం.

మా సంగతి వేరు. మేమిద్దరం, పదమూడేళ్ల అమ్మాయి, ఇంకా డైపర్ వదలని అబ్బాయి, మా అమ్మగారు: ఇదీ మా సంసారం. ఈ అయిదుగురిలో ఒక్కరికైనా తమరు వర్తిస్తారేమోనని చూశాను.

అమ్మగారితో మొదలుపెడతాను. తమరు మనిషికి ఇంత అని చెప్పుకుంటారు గనుక, ఆవిడకు తమరు ఒక్కసారి చాలుననుకోవడం సహజం. అయితే తమరు గదికి ఇద్దరుంటారన్న లెక్క మీద నిలబడిన ధర. విడిగా గది కావాలన్న ఒంటరి ప్రయాణికులు చాలా ఓడల్లో రెండో పడక ఛార్జీని కూడా, తరచుగా పూర్తిగానే, భరించాలి. అంటే మా అమ్మగారు రాని మనిషికి కూడా టికెట్టు కొంటారు. ఆ రాని మనిషి భోజనానికి రాడు, నీటి జారుడుబండ ఎక్కడు, కనీసం గురక పెట్టి తాను ఉన్నానని చెప్పుకోడు, అయినా అతని వాటా అతనిదే. నార్వేజియన్ సంస్థ 2010లో ‘ఎపిక్’ అనే ఓడలో ఒంటరివారి కోసమే చిన్న స్టూడియో గదులు కట్టిందనీ, తర్వాత మరికొందరు ఆ దారి పట్టారనీ ఒప్పుకోవాలి. అవి ఉన్నవే కాసిని గనుక త్వరగా అయిపోతాయి.

ఇక పిల్లల పద్దు. గదిలో మూడో మనిషికీ, నాలుగో మనిషికీ ఛార్జీ తక్కువ, కొన్నిచోట్ల ‘పిల్లలు ఉచితం’ కూడాను. ఈ ఉచిత బాలలకు రేవు రుసుములు, పన్నులు, టిప్పులు మాత్రం ఉచితం కావు. ఆ పథకం వర్తించని తేదీల జాబితా ఒకటి వేరే ఉంటుంది. బడి సెలవుల తేదీలు ఎవరికైనా గుర్తులేకపోతే ఆ జాబితా చూసి తెలుసుకోవచ్చు. అన్నీ కలిసివచ్చి నలుగురు పట్టే గది దొరికిందనుకున్నా, దాన్ని నలుగురికి అమ్మకపోవచ్చు. ఓడలో ఒక్కొక్క భాగంలోని ప్రయాణికులకు ఫలానా లైఫ్‌బోటు అని ముందే కేటాయింపు ఉంటుంది. అక్కడ లెక్క నిండితే, పడకలు ఖాళీగా ఉన్నా మూడో మనిషికి తావు లేదు. ఈ నియమాన్ని నేను వేళాకోళం చేయను. ధర గారికి తెలియకపోయినా, ఓడలో మనుషుల తలలను సరిగ్గా లెక్కపెట్టేవారు ఒకరైనా ఉన్నారని దీనివల్ల నాకు ధైర్యం కలిగింది.

పిల్లల వయసు అడిగితే పట్టికలో సగం గడులు వాటంతటవే రాలిపోతాయని తమరు ఎన్నడూ చెప్పలేదు. వర్జిన్ వాయేజెస్ ఓడలూ, వైకింగ్ సముద్ర నౌకలూ పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఎక్కించుకోనే ఎక్కించుకోవు. మిగతావాటిలో చాలావరకు ఆరు నెలలు నిండిన శిశువును రానిస్తాయి గానీ, వరుసగా మూడు రోజులో అంతకన్నా ఎక్కువో నేల తగలని ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. డైపర్ వదలని పిల్లవాణ్ణి మామూలు కొలనులోకి, ఈత డైపర్ వేసినా సరే, దిగనివ్వరు. వాడి కోసం ప్రత్యేకంగా శుద్ధి ఏర్పాటు చేసిన చిన్న నీటి ఆటస్థలం కొన్ని ఓడల్లో ఉంది, కొన్నింటిలో లేదు. పిల్లల క్లబ్బుల్లో కార్నివాల్ రెండేళ్ల నుంచే చేర్చుకుంటుంది. చాలాచోట్ల మూడేళ్లు నిండి, మరుగుదొడ్డి అలవాటు కూడా అయి ఉండాలి. పదమూడేళ్ల అమ్మాయి విషయంలో చిక్కు ఇంకా సున్నితమైనది. పన్నెండు నుంచి పధ్నాలుగేళ్ల వారికి విడిగా క్లబ్బు ఉన్న ఓడలో ఆమె వారమంతా మాకు కనిపించదు, అది ఆమెకూ మాకూ శుభమే. పదిహేడేళ్ల దాకా అందరినీ ఒకేచోట కలిపితే మొదటి సాయంత్రమే తిరిగి వచ్చి మా గది సోఫాలో కూర్చుంటుంది. ఆ సోఫాయే రాత్రికి ఆమె పడక అన్నది వేరే సంగతి. మా ఇంట్లో ఈ ప్రయాణం బాగుంటుందా చెడుతుందా అన్నది తేల్చే గడి ఇదే. తమరి పక్కన దీనికి అంగుళం చోటు కూడా లేదు.

టిప్పుల మాటకొస్తే తిలాపాపం తలా పిడికెడు. తలకు ఇంత, రోజుకు ఇంత అని ఓడ ఖాతాలో దానంతటదే పడుతుంది. రెండు మూడేళ్లలోపు పిల్లలను కొన్ని సంస్థలు వదిలేస్తాయి గానీ, అంతకుమించిన పసివాడు కూడా పెద్దవారితో సమానంగా దాతే. పానీయాల ప్యాకేజీ కొంటే దాని మీద మరో 18 నుంచి 20 శాతం సేవా రుసుము చేరుతుంది. పైగా గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే ఆ గదిలోని పెద్దలందరూ తీసుకోవాలన్న నియమం చాలా సంస్థల్లో ఉంది. ఒకరి సరదాకు మరొకరి ఉపవాసం కూడా ఛార్జీ కట్టాలన్నమాట. తప్పనిసరి రుసుములను దాచిపెట్టి ధర చెప్పరాదని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చాక, పెద్ద క్రూజ్ సంస్థలు అమెరికాలో రేవు రుసుములను తమరిలోనే కలిపి చూపడం మొదలుపెట్టాయి. ఆ రోజున తమరు ఒక్కసారిగా ఒళ్లు చేశారు. అయితే టిప్పు ఇవ్వడం ప్రయాణికుడి ఇష్టమట, అందుకని అది బయటే ఉండిపోయింది. దానంతటదే పడి, వద్దనుకుంటే కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగి తీయించుకోవలసిన ఇష్టం అది.

పట్టికలో ఇన్ని పేర్లెందుకని మా అమ్మాయి అడిగింది. కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కోస్టా, క్యునార్డ్ ఒకే కార్పొరేషన్ బిడ్డలు. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ మరొకరివి. నార్వేజియన్, ఓషియానియా, రీజెంట్ ఇంకొకరివి. ఓడ వెనక ఎగిరే జెండా చాలావరకు బహమాస్‌దో, పనామాదో, మాల్టాదో. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి!

అయినా ఓడకూ ఓడకూ తేడా ఉంది, అది తమరిలో కనపడదు. 2024 జనవరిలో ప్రయాణికులతో బయలుదేరిన రాయల్ కరీబియన్ వారి ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ గ్రాస్ టన్నేజీ 2,48,663. ఇది ఓడ బరువు కాదు, లోపలి చోటుకు కొలత. ఆ చోటును మనుషుల సంఖ్యతో భాగిస్తే ఓడలో ఎంత ఒరుసుకుంటూ నడవాలో అంచనాకు వస్తుంది. గదికి ఇద్దరి లెక్కన అందులో 5,610 మంది, అంటే తలకు సుమారు 44. పై పడకలూ సోఫాలూ నిండితే 7,600 మంది, అప్పుడు తలకు 33 కూడా మిగలదు. ఆ పై పడకలు నిండేది ఎప్పుడయ్యా అంటే, మాబోటి కుటుంబాలు దిగబడే సెలవుల్లో. అందుకే ఈ సంస్థలు వాటాదారులకిచ్చే నివేదికల్లో, గదికి ఇద్దరినే నూరు శాతంగా లెక్కగట్టి, ఓడలు నూరు శాతానికి మించి నిండాయని గర్వంగా రాసుకుంటాయి. నూరు దాటిన ఆ కొసరులో మా పిల్లలున్నారు. కాబట్టి సెలవుల్లో అదే ఓడకు తమరు రెట్టింపు పెరిగినప్పుడు, మాకు దక్కే చోటు నాలుగో వంతు తగ్గుతుంది.

గది ఎంచుకోవడానికి ఓడ అంతస్తుల పటం ముందేసుకున్నాము. అందులో గదులు అగ్గిపెట్టెలంత కూడా ఉండవు, ప్రతి పెట్టెలోనూ ఒక నక్షత్రమో త్రికోణమో చుక్కో ఉంటుంది. ఒక గుర్తుకు పైకప్పు నుంచి దిగే పడక అని అర్థం, ఒక గుర్తుకు పక్క గదికి తలుపుందని, ఇంకొకదానికి కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతోందని. తమరికి అతి దగ్గరగా ఉన్న ఒక గది మాకు నచ్చింది. దాని పై అంతస్తు పటం తెచ్చి సరిగ్గా దాని మీద పెట్టి చూస్తే ఈతకొలను పక్కన కుర్చీలు వేసే చోటు వచ్చింది. తెల్లవారుజామున ఆ కుర్చీలను ఈడ్చి సర్దుతారు. పటంలో కుర్చీల చప్పుడుకు గుర్తు లేదు. బాల్కనీ గదుల్లోనూ రకాలున్నాయి. 2009లో వచ్చిన రాయల్ కరీబియన్ వారి ‘ఓయసిస్ ఆఫ్ ద సీస్’లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాక ఓడ మధ్యనున్న తోట వైపు తెరుచుకుంటాయి. లోపలి గదిలో నిలువెత్తు తెర పెట్టి బయటి కెమెరాతో సముద్రాన్ని చూపించే ఏర్పాటు కూడా అదే సంస్థ ఓడల్లో ఉంది. సముద్రం మీద ఉంటూ టీవీలో సముద్రం చూడటం నాకు మొదట నవ్వులాటగా తోచింది గానీ, అమ్మగారు మాత్రం ‘నాకు అదే కావాలి, గాలి తగలదు, పిల్లవాడు కమ్మీ ఎక్కడు’ అన్నారు. ఆవిడ మాట కాదనలేకపోయాను.

మధ్యధరా మార్గం కూడా పరిశీలించాము. తమరి కింద ‘రోమ్’ అని రాసి ఉంటుంది, ఓడ ఆగేది సివిటావెక్కియాలో, రోమ్‌కు సుమారు 80 కిలోమీటర్లు. ఉత్తరాన ‘బెర్లిన్’ అంటే వార్నెమ్యుండే, అక్కడి నుంచి బెర్లిన్ 200 కిలోమీటర్లకు పైమాటే. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను వెనిస్ నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు గనుక, పేరుకు వెనిస్ అయిన ప్రయాణాలు కొన్ని రవెన్నాలో మొదలవుతాయి. పసివాడితో, పెద్దావిడతో రేవు నుంచి ఆ ఊళ్లకు బస్సు ప్రయాణం పోనూ రానూ చేసి, ఓడ కదిలే వేళకు తిరిగి రావాలి. ఆ బస్సు టికెట్టు కూడా తమరిలో లేదు.

ఇన్ని చెప్పి తమరిని పట్టికలోంచి తీసేయమనడం లేదు. మొదటి గడి ఖాళీ చేసి, పిల్లల వయసు, గది, మనుషుల రద్దీ, రేవు దూరం అన్నీ తేలాక చివర నిలబడవలసిందిగా మనవి. అప్పుడు కూడా ఒంటరిగా కాక టిప్పులు, ప్యాకేజీలు, బస్సు టికెట్లతో, అమ్మగారి పక్కన రాని మనిషితో సహా, పరివార సమేతంగా దయచేయండి. అలా పిలిచి చూస్తే, మా లెక్కలో అన్నిటికన్నా పైన ఉన్న సంస్థకూ అడుగున ఉన్న సంస్థకూ మధ్య పేజీ మీద కనిపించిన అంతరం చాలావరకు కరిగిపోయింది. ఇప్పుడు మేము పిల్లల క్లబ్బును చూసి ఓడను ఎంచుకుంటున్నాము.

తమరి పక్కన ఎర్రంకెల గడియారమొకటి వెనక్కి పరుగెత్తుతూ, ఈ ధర మరి కొద్ది గంటలే అంటోంది. నిన్న కూడా అదే అన్నది. జవాబు రాసేటప్పుడు అది ఏ ఊరి సమయమో తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి లెక్కలోకి రాని మూడో పడక, నాలుగో పడక, అమ్మగారి విడి గది తరఫున,
ఒక గృహస్థు