చచ్చిన పిచ్ మీద నిలిచిన పేసర్లు

హన్మకొండలో ఎండాకాలం టోర్నమెంట్లలో కొత్త బంతి పట్టినవాళ్లకు ఈ బాధ తెలుసు. ఎంత ఉరికొచ్చి వేసినా బంతి మోకాలు దాటి లేవదు. నాలుగో ఓవర్‌కే స్పిన్నర్‌కు ఇచ్చేయమంటారు. అందుకే గొప్ప ఫాస్ట్ బౌలర్ ఎవరన్న వాదన వచ్చినప్పుడల్లా నేను మొత్తం వికెట్లు పక్కన పెట్టి, మన నేల మీద ఏం చేశాడో చూస్తాను. ఇంగ్లండ్ పేసర్ ఆండర్సన్ 704 టెస్టు వికెట్లంటే గౌరవమే, కానీ నా మొదటి మూడు పేర్లలో ఆయన లేడు.

మొదటి స్థానం వెస్టిండీస్ పేసర్ మాల్కం మార్షల్‌దే. 81 టెస్టుల్లో 376 వికెట్లు, సగటు (ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు, తక్కువైతేనే మేలు) 20.94. వెస్టిండీస్ పేసర్లే అయిన గార్నర్, ఆంబ్రోస్‌లకున్న ఎత్తు ఆయనకు లేదు. ఆయన బంతి పిచ్ మీద పడి జారుతూ దూసుకొచ్చేది. బౌన్స్ కరువైన పిచ్‌పై అదే ప్రాణాంతకం. 1983లో కాన్పూర్‌లో ఆయన బంతికి గావస్కర్ చేతిలోని బ్యాటే ఎగిరిపోయింది. ఆ సిరీస్‌లో ఆరు టెస్టుల్లో 33 వికెట్లు తీశాడు.

రెండోవాడు దక్షిణాఫ్రికా పేసర్ డేల్ స్టెయిన్. 2010లో నాగ్‌పూర్‌లో 51 పరుగులకే 7 వికెట్లు. పాతబడిన బంతితో, అది మామూలుకు ఎదురు దిశలో వంగే రివర్స్ స్వింగ్‌తో మన మిడిలార్డర్‌ను కూల్చేశాడు. మూడోవాడు బుమ్రా. 2024లో విశాఖలో ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్ స్టంప్స్‌ను లేపేసిన ఆ యార్కర్ (కాళ్ల దగ్గర పడే బంతి) చూసినవాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు. 20 లోపు సగటుతో 200 టెస్టు వికెట్లు అందుకున్న తొలి బౌలర్ కూడా అతనే.

ఆస్ట్రేలియా పేసర్ డెన్నిస్ లిల్లీ ఏడీ అంటారు. 1980లో పాకిస్తాన్‌లో మూడు టెస్టులాడి మూడే వికెట్లు తీశాడు. భారత్‌లో టెస్టే ఆడలేదు. ఒక్క సిరీస్‌తో తీర్పా అంటే, ప్రశ్న న్యాయమైనదే. అయినా నా కొలతకు ఆయన దొరకడు.

నాలుగో స్థానం కపిల్‌ది. ఇక్కడే మిత్రులు నాతో తగువు పడతారు. సగటు 29.64 కదా అంటారు. నిజమే, కానీ మార్షల్ 33 వికెట్లు తీసిన ఆ సిరీస్‌లోనే కపిల్ 29 తీశాడు. మార్షల్‌కు అటువైపు మరో మేటి పేసర్ హోల్డింగ్ ఉన్నాడు. కపిల్‌కు ఆ స్థాయి పేసర్ తోడు లేడు. అహ్మదాబాద్‌లో ఒక్క ఇన్నింగ్స్‌లో 83 పరుగులిచ్చి 9 వికెట్లు తీశాడు. అయినా మనవాళ్లు 103కే కుప్పకూలి ఆ టెస్టు ఓడిపోయారు. ఆ ఓటమి లెక్క కపిల్ ఖాతాలో రాయడానికి నాకు చెయ్యి రాదు.